గుడి లోపలి పరిచర్య, గుడి బయటి పరిచర్య

నవంబరులో మా గుడిలో, అంటే చర్చిలో, కోతల పండుగ జరుగుతుంది. కడప చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు పొలంలో పండినదాంట్లో కొంత తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. శెనక్కాయల బుట్ట, జొన్నకంకులు, చీనీకాయలు, అరటిగెల, పసుపుకొమ్ములు, కాళ్లు కట్టేసిన నాటుకోడి. పొలం లేనివాళ్లు ఇంట్లో చేసిన ఓలిగలో, కజ్జికాయలో తెస్తారు. ఆరాధన ముగిశాక అవన్నీ వేపచెట్టు కిందికి వస్తాయి. అక్కడ వేలంపాట మొదలవుతుంది.

పోయిన ఏడాది మా వీధి స్నేహితుడు ఒకాయన చూడటానికి వచ్చాడు. ఆయన క్రైస్తవుడు కాదు. ఒక గుమ్మడికాయ 1,100 రూపాయలకు పోయింది. పాడుకున్నాయన డబ్బు కట్టి, కాయను మళ్లీ గుడికే ఇచ్చేశాడు. దాన్ని మళ్లీ వేలం వేశారు. రెండోసారి పాడుకున్నావిడ కూడా తిరిగి ఇచ్చేసింది. అప్పుడు నా స్నేహితుడు ఉండబట్టలేక అడిగాడు: "ఏందన్నా ఇది? లోపలేమో ప్రార్థన, బయటేమో సంత. రెండింటికీ సంబంధమేంది?"

ఆయనకు అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు. చర్చి చేసే సాయం గురించి బయట ఒక అభిప్రాయం ఉంది, లోపల ఒక అభిప్రాయం ఉంది. బయటివాళ్లలో చాలామంది అదంతా విదేశీ డబ్బుతో నడిచే వ్యవహారమని అనుకుంటారు. లోపలివాళ్లలో చాలామందికి ఆదివారం ఆరాధనే అసలు పని, పేదలకు చేసేది కమిటీవాళ్లు చూసుకునే అదనపు పని. రెండూ పొరపాటేనని నా నమ్మకం. ఆరాధన క్రమాన్ని మొదటినుంచి చివరిదాకా నిదానంగా గమనిస్తే, గుడి బయట జరిగే ప్రతి పనికీ వేరు అక్కడే దొరుకుతుంది. ఆ వేరు తెగినచోట బయటి పని వాడిపోతుంది.

తెలుగు బైబిల్లో ఒక మాటతో మొదలుపెడతాను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో యెరూషలేము సంఘంలో ఒక గొడవ వస్తుంది. రోజూ అన్నం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని ఫిర్యాదు. ఆ అన్నం పంచడాన్ని మన తెలుగు బైబిలు "అనుదిన పరిచర్య" అంటుంది. నాలుగో వచనానికి వచ్చేసరికి అపొస్తలులు, అంటే యేసు పంపిన శిష్యులు, చేసే బోధను "వాక్యపరిచర్య" అంటుంది. అన్నం వడ్డించడానికీ, వాక్యం చెప్పడానికీ ఒకటే మాట, పరిచర్య. మా పెద్దలు ఈ రెండు పనులకు రెండు పేర్లు వెతుక్కోలేదు. విడదీసింది మనమే.

అసలు ఈ గుళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో కొంచెం తెలియకపోతే తర్వాతి విషయాలు చిక్కుగా ఉంటాయి. లండన్ మిషనరీ సొసైటీవాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. కడప, జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం వైపు వాళ్ల పని సాగింది. నంద్యాల, ముత్యాలపాడు, మన కడప జిల్లాలోనే ఉన్న కలసపాడు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) మిషన్ వచ్చింది. కర్నూలు పట్టణంలో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. కతోలికుల పని వీటికి వేరుగా సాగింది. అందుకే ఒకే వీధిలో నాలుగు గుళ్లు కనపడతాయి, నాలుగింట్లో మాటలు కూడా వేరుగా ఉంటాయి. కొన్ని సంఘాలు కలిసిన విభాగాన్ని మేము పాస్టరేట్ అంటే, కతోలికులు విచారణ అంటారు. మా అధ్యక్ష ఖండం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, వాళ్లకు మేత్రాసనం. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే మా ప్రభు సంస్కారం వాళ్లకు దివ్యబలిపూజ. మా బాప్తిస్మం వాళ్లకు జ్ఞానస్నానం. పని మాత్రం చాలావరకు ఒకటే తీరుగా నడుస్తుంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా ఏర్పడ్డాయి. మా రాయలసీమ అధ్యక్ష ఖండం 1950లో వచ్చింది, కేంద్రం కడప. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆ ఐక్యతకు కొన్నేళ్లు దూరంగా ఉన్నారు. నంద్యాల అధ్యక్ష ఖండం సీఎస్ఐలో ఏర్పడింది 1963లో. అదే నంద్యాలలో 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్‌గా అభిషేకం పొందారు. సీఎస్ఐలో ఒక స్త్రీ ఆ పీఠం ఎక్కడం అదే మొదలు. కరువుసీమ అని పేరుబడ్డ మన నేలకు దక్కిన ఆ మొదటి స్థానాన్ని మన పిల్లలకు తగినంతగా చెప్పడం లేదనిపిస్తుంది నాకు.

ఇక ఆదివారం ఆరాధనలోకి వద్దాం. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, పాత నిబంధన పాఠం, పత్రిక పాఠం (అపొస్తలులు రాసిన ఉత్తరాల్లోంచి), సువార్త పాఠం, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, కానుకల సమర్పణ, సంస్కారం, ఆశీర్వాదం. వీటి నడుమ రాగం, తాళం పేర్లతో అచ్చయిన కీర్తనలు. ఇందులో బయటి పనికి గుంజలాంటివి మూడు ఉన్నాయి.

మొదటిది సమాధానం అందించడం. ఇక్కడ సమాధానమంటే జవాబు కాదు, శాంతి. సంస్కారానికి ముందు అయ్యగారు, అంటే పాస్టరు, బల్ల దగ్గర సమాధానం చెప్తారు. సహాయకులు ఆ సమాధానాన్ని తీసుకుని కిందికి వచ్చి, వరుస వరుసకూ అందిస్తారు. ఒకరి కుడి అరచేతికి ఇంకొకరి కుడి అరచేయి ఆనించి, ఎడమచేత్తో కప్పుతారు. 1950లో సీఎస్ఐ తన సంస్కార క్రమాన్ని తయారు చేసుకున్నప్పుడు కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారం నుంచి దీన్ని తెచ్చుకుంది. ఆ క్రమాన్ని చూసి ఇతర దేశాల సంఘాలు కూడా తర్వాత నేర్చుకున్నాయి. మామూలుగా చూస్తే ఇది పలకరింపే. కానీ తాకితే మైల అన్న నేలమీద, మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి, పైకులాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ప్రతి సంస్కారపు ఆదివారం ఒకరి చేతిని ఒకరు రెండు చేతులా పట్టుకోవాలనే నియమం చిన్నది కాదు. గుడిలో పట్టుకున్న చేతిని వీధిలో వదిలేస్తే ఆ ఆరాధన సగంలోనే ఆగినట్టు. మా సంఘాల్లోనూ కులం పేరుతో వేరు కూర్చోవడం, వేరు సంబంధాలు చూసుకోవడం పోలేదు. ఆ మాట దాచడం తప్పు.

రెండోది విజ్ఞాపనలు, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థనలు, వాటికి ముందో వెనకో వచ్చే ప్రకటనలు. ప్రకటనలు మొదలవగానే కొంతమంది వాచీ చూసుకుంటారు. నాకు మాత్రం ఆరాధనలో అత్యంత ముఖ్యమైన ఐదు నిమిషాలు అవే. రిమ్స్‌లో చేరిన ముసలావిడ పేరు, గల్ఫ్‌లో పని పోయి తిరిగొచ్చిన కుర్రాడి సంగతి, పెండ్లి ప్రకటనలు, సాయంత్రం ఎవరింట్లో గృహప్రార్థన, ఎవరు చనిపోయారు, సమాధుల తోటకు ఎన్నింటికి బయలుదేరాలి, అన్నీ అక్కడే తెలుస్తాయి. పెండ్లి ప్రకటనలు వరసగా మూడు ఆదివారాలు చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి. క్రైస్తవ వివాహాలకు ఇప్పటికీ 1872 నాటి చట్టమే ఆధారం. అందుకే అయ్యగారి దగ్గరి పెండ్లి రిజిస్టరు గుడి పుస్తకమే కాదు, చట్టం గుర్తించే పత్రం కూడా. ప్రకటించిన ప్రతి పేరూ తర్వాత విజ్ఞాపనలో దేవుని ముందుకు వెళ్తుంది. ఆ మధ్యాహ్నమే ఎవరో ఒకరు క్యారియర్ పట్టుకుని రిమ్స్‌కు వెళ్తారు. ఎవరూ తీర్మానం చేయరు, ఎవరూ పంపరు. పేరు చెవినపడింది కాబట్టి వెళ్తారు.

మూడోది కానుక. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అపోహలన్నీ ఇక్కడే పుడతాయి.

గుడికి డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది. ఆదివారం సంచిలో పడేది ఒకటి. కుటుంబాలు నెలనెలా కట్టే చందా ఇంకొకటి, కొందరు దీన్నే దశమభాగంగా, అంటే రాబడిలో పదో వంతుగా, ఇస్తారు. పుట్టినరోజుకో, పెండ్లిరోజుకో, బిడ్డ పరీక్ష పాసైతేనో, ఆపరేషను బాగా జరిగితేనో కవరులో పెట్టి ఇచ్చే కృతజ్ఞత కానుక మూడోది. ఆ కవరు మీద ఎందుకిస్తున్నారో రాస్తారు, అయ్యగారు దాన్ని చదివి ప్రార్థిస్తారు. ఒక ఏడాది కవర్లన్నీ వరసగా చదివితే ఆ ఊరి చరిత్ర తెలిసిపోతుంది. నాలుగోది కోతల పండుగలాంటి ప్రత్యేక సందర్భాలు.

ఈ డబ్బంతా మా గుడిలోనే ఉండదు. సీఎస్ఐలో ఒక్కో గుడి విడిగా నడిచే సంస్థ కాదు. కొన్ని సంఘాలు కలిసి పాస్టరేట్, పాస్టరేట్లన్నీ కలిసి అధ్యక్ష ఖండం. పాస్టరేట్ తన రాబడిలో కొంత వాటాను అధ్యక్ష ఖండానికి కట్టాలి. అయ్యగార్ల జీతాలు, బదిలీలు అక్కడినుంచే నడుస్తాయి. దీనివల్ల ఒక మేలుంది. కడప పట్టణంలో పెద్ద గుడికి వచ్చే అయ్యగారికీ, పులివెందుల అవతల ఇరవై ఇళ్ల సంఘానికి వెళ్లే అయ్యగారికీ జీతం ఒకే పద్ధతిలో ఉంటుంది. పట్టణపు కానుక పల్లె పరిచర్యను మోస్తుంది. ఎవరూ దీన్ని సేవ అని పిలవరు. నా లెక్కలో మా సంఘం చేసే అతి పెద్ద సేవ ఇదే.

ఆస్తుల సంగతి వేరు. గుడి, స్కూలు, ఆసుపత్రి స్థలాలు స్థానిక సంఘం పేరు మీద ఉండవు. 1947లోనే ఏర్పడిన సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీ వాటిని పట్టుకుని ఉంటుంది. కాబట్టి గుడి ముందు ఖాళీ జాగాలో ఒక క్లినిక్ కట్టాలని మా కమిటీ అనుకున్నా సొంతంగా కట్టలేదు. స్థానికుల చేతులు కట్టేసినట్టు ఉంటుంది నిజమే. అయితే ఆ కట్టు లేకపోతే ఎన్ని స్థలాలు చేతులు మారి ఉండేవో కూడా ఆలోచించాలి.

మరి విదేశీ డబ్బు? మిషనరీల కాలంలో బయటి డబ్బు వచ్చిన మాట నిజం. ఈ రోజు మామూలు పాస్టరేట్ ఆ డబ్బు మొహం కూడా చూడదు. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, వేరే సంస్థకు బదిలీ చేయకూడదు, నిర్వహణ ఖర్చుకు వాడుకునే పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అధ్యక్ష ఖండం స్థాయి సంస్థలకే అది కష్టంగా ఉంటే, శెనక్కాయల బుట్ట వేలం వేసే గుడి దాకా ఏం వస్తుంది? మా గుడి కరెంటు బిల్లు మా ఊరివాళ్ల చేతికష్టమే.

అసలు మా సంఘాల్లో దానానికి పునాది రూపాయి కాదు, పిడికెడు బియ్యం. స్త్రీల మైత్రి అనే మా ఆడవాళ్ల సమాజంలో పాతకాలపు అలవాటు ఇది. పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఇంటావిడ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నెలాఖరుకు డబ్బా గుడికి చేరుతుంది. కూలికి పోయే ఇంట్లో డబ్బు ఇవ్వమంటే ఏమీ ఉండదు. పిడికెడు బియ్యం మాత్రం ప్రతి పూటా ఉంటుంది, అదీ ఆ ఇంటావిడ చేతిలో ఉంటుంది, భర్తను అడగనక్కర్లేదు. ఆ బియ్యంతోనే ఒకప్పుడు పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశకులకు కూడు పెట్టారు, బోర్డింగులో, అంటే సంఘం హాస్టల్లో, పిల్లలను సాకారు. మా అమ్మ డబ్బా డాల్డా డబ్బా. దాని పచ్చరంగు పూర్తిగా పోయి తగరం కనిపించేదాకా అదే వాడింది.

బయటికి కనిపించే పరిచర్యల్లో బడి, ఆసుపత్రి, బోర్డింగు పేర్లు అందరికీ తెలుసు. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి, కర్నూలులో కోల్స్ పేరు మీద ఉన్న స్కూలు, నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు. ఇవన్నీ ఒక సంఘం ప్రార్థనలోంచి మొదలై, పెరిగి, సంస్థలైపోయాయి. సంస్థ అయ్యాక దానికి జీతాలు, లైసెన్సులు, కోర్టు కేసులు, ఎన్నికలు వచ్చి చేరతాయి. అప్పుడు సంఘం దాన్ని తనది అనుకోవడం మానేస్తుంది. ఆసుపత్రి తలుపు తీసినప్పుడు మొదటి రోగి కోసం గుడిలో ప్రార్థించినవాళ్ల మనవలు ఈ రోజు ఆ ఆసుపత్రి కమిటీ ఎన్నికల గురించి మాత్రమే మాట్లాడుకుంటారు. ఇది ఏ ఒక్క సంస్థ సంగతో కాదు, చాలాచోట్ల ఇదే కథ. పేరు విజ్ఞాపనలోంచి జారిపోయి ఎజెండాలోకి చేరడమే ఆ పనికి మొదటి జబ్బు.

ఎవరూ లెక్కలో వేసుకోని పరిచర్య ఒకటుంది, అది భూస్థాపన. ఎవరైనా చనిపోతే తలుపు తట్టేది మొదట గుడి పెద్దల ఇంటినే. పెట్టె, తెల్లగుడ్డ, గుంత తవ్వేవాళ్లు, బండి, కీర్తనలు పాడేవాళ్లు. ఏమీ లేని ఇంటికి ఇవన్నీ సంఘమే చూస్తుంది. 2021 వేసవిలో కరోనా రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు సొంత బంధువులు కూడా దగ్గరికి రాలేదు. మా యువజనుల్లో నలుగురు పీపీఈ సూట్లు వేసుకుని రోజుల తరబడి సమాధుల తోటలోనే ఉన్నారు. వాళ్లు పూడ్చినవాళ్లందరూ మా సంఘంవాళ్లు కాదు. అంతకు ముందటి ఏడాది, 2020 ఏప్రిల్ 12న, ఈస్టరు రోజున గుడి తలుపు మూసే ఉంది. కానుక సంచి ఆగింది, చందా ఆగింది. సరుకుల సంచులు మాత్రం ఆగలేదు. ఆరాధన ఇంట్లో జరుపుకుంటూ, దొరికిన బియ్యం పప్పు మూటలు కట్టి పంచారు. అప్పుడే నాకు గట్టిగా తెలిసింది, ఈ రెండూ ఒకటేనని.

ఇప్పుడు అందరూ అడగాలనుకుని అడగని ప్రశ్న. ఈ సాయం మతం మార్చడానికి కదా? 1876 నుంచి 78 దాకా మన సీమను ఊడ్చేసిన ధాత కరువు రోజుల్లో సంఘాలు పెరిగాయి, అన్నానికి మారారనే మాట అప్పుడే పుట్టింది. దానికి పక్క జిల్లాలో ఒక జవాబుంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కరువు పనులు నడిపినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం వచ్చినవాడు విశ్వాసం కోసం వచ్చానని చెప్పే పరిస్థితి రాకూడదని. సాయం ముగిశాక, 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెనే అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు దానికంటే, దానికి ముందు ఆయన ఆగిన ఆ నెలలు గొప్పవి. అన్నం పొట్లం మీద కరపత్రం పెట్టకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం, మా సంఘంలో దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్లతో ఇప్పటికీ వాదిస్తాను. విశ్వాసం గురించి మాట్లాడటానికి వేరే వేళ, వేరే చోటు ఉన్నాయి. ఆకలిగా ఉన్న మనిషికి కాదనే స్వేచ్ఛ ఉండదు.

దీనికి చట్టం చేర్చిన ఇంకొక ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గానీ క్రైస్తవులకు లేదు. ఆంధ్రలో, క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, రిజర్వేషను 1 శాతం. దీని ఫలితం మా రిజిస్టరులో కనిపిస్తుంది. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే కుటుంబం పేరు సంఘ రిజిస్టరులో ఉండదు. పేరుంటే పిల్లాడి సర్టిఫికెట్ ఏమవుతుందోనని భయం. ఎవరు సభ్యులు, ఎవరు కారు అనే గీత ఇక్కడ కాగితం మీద ఒకలా, బెంచీ మీద ఒకలా ఉంటుంది. అందుకే సాయం జాబితాను రిజిస్టరు చూసి రాయకూడదు. నేను కమిటీలో ఉన్నప్పుడు ఒకసారి అలాగే రాశాం. సరుకులు పంచినరోజు ఒక ముసలాయన వరసలో నిలబడి, తన పేరు లేదని తెలిసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నలభై ఏళ్లుగా గుడి గంట కొట్టినాయన ఆయన. మరుసటి ఏడాది నుంచి ఇళ్లు తిరిగి చూసి రాయడం మొదలుపెట్టాం, క్రైస్తవ ఇళ్లా కాదా అనేది కూడా ఆ కాగితంలో రాయడం మానేశాం.

ఇక నా స్నేహితుడి ప్రశ్న. లోపల బలిపీఠం ముందు పెట్టినప్పుడు ఆ గుమ్మడికాయ దేవునికిచ్చిన కానుక. బయట చెట్టు కింద అది నలుగురు పోటీపడి ఇచ్చే డబ్బు. వేలం పాడేవాడు కాయకు ధర కట్టడు, ఇవ్వడానికి దొరికిన సాకుకు కడతాడు. అందుకే కొన్నది మళ్లీ ఇచ్చేస్తాడు. రైతు చేతిలో డబ్బు ఉండదు, పంట ఉంటుంది. ఉద్యోగి చేతిలో పంట ఉండదు, జీతం ఉంటుంది. ఇద్దరూ ఒకే కాయ మీద కలిసి ఇవ్వగలిగేది ఆ చెట్టు కిందే. ఆ రోజు వచ్చిన డబ్బులో పాస్టరేట్ వాటా పోగా మిగిలింది బోర్డింగు పిల్లల ఫీజులకు, ఒక ఇంటి పైకప్పు రేకులకు వెళ్లింది.

గుమ్మడికాయ మూడోసారి పాట 600 దగ్గర ఆగింది. పాడింది నా స్నేహితుడే. ఏం చేయాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. బోర్డింగు వంటామె వచ్చి, "అన్నా, నాకియ్యి, రేపు సాంబారులో ఏస్తా" అంది. సోమవారం మధ్యాహ్నం ఆయన బోర్డింగుకు వెళ్లి ఆ సాంబారుతోనే పిల్లల పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.